గైడులో లేని ఐదు పోలికలు

ఆయనకు ఒక పేరంటూ ఉండే ఉంటుంది. బడి హాజరు పుస్తకంలో రోజూ ఆ పేరు పక్కన సంతకం పెట్టేవాడు కూడా. కానీ పిల్లల దగ్గర్నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ ఆయన గైడు మాస్టారే. కోపం వచ్చినప్పుడు ఇంట్లో భార్య కూడా అదే పేరుతో పిలిచేది. ఇరవయ్యారేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్న మనిషి చేతిలో పాఠ్యపుస్తకం ఉండగా చూసినవాళ్ళు లేరు. ఎప్పుడు చూసినా చంకలో గైడే. దాని వెనక అట్ట ఊడిపోతే కాగితం అంటించాడు, ఆ కాగితం చిరిగితే దాని మీద ఇంకోటి అంటించాడు. లోపలి పేజీలకన్నా ఆ అట్టే దళసరిగా ఉండేది.

వెక్కిరింతకు పెట్టిన పేరే. అయితేనేం, ఆయన దాన్ని బిరుదులా మోశాడు. "గైడులో ఉన్నది ఉన్నట్టు రాసినవాడు ఇంతవరకు నా చేతిలో తప్పలేదు" అని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. ఏటా పోలికల పాఠం రాగానే బోర్డు మీద వరసగా రాసేవాడు. యాజ్ వైట్ యాజ్ స్నో. యాజ్ హెవీ యాజ్ లెడ్. యాజ్ లైట్ యాజ్ ఎ ఫెదర్. యాజ్ కోల్డ్ యాజ్ ఐస్. యాజ్ సైలెంట్ యాజ్ ది గ్రేవ్. "లైక్ గానీ యాజ్ గానీ ఉంటే సిమిలీ. అవి తీసేసి, ఇదే అది అని చెప్తే మెటఫర్. ప్రాణం లేనిది మనిషిలా ప్రవర్తిస్తే పర్సానిఫికేషన్. రాసుకోండి." పిల్లలు రాసుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో మంచు కురవగా చూసినవాడు ఒక్కడూ లేడు. ఓసారి వెనక బెంచీలోంచి ఎవరో లేచి, "స్నో ఎలా ఉంటుంది సార్?" అని అడిగితే, "ఒక మార్కు ఉంటుంది, కూర్చో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అంతటితో అయిపోయింది. పాఠం అనేది అలాగే ఉంటుందని, ఉండాలని ఆయన మనసా వాచా నమ్మాడు.

చెడ్డవాడు మాత్రం కాదు. అదే మన ఖర్మ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. బడి అయిపోయాక ఇంటికి పోయి పడుకోకుండా, సైకిల్ రిపేరు కొట్టు మీద ఉన్న ఇరుకు గదిలో రోజూ రెండు గంటలు పెద్దవాళ్ళకు పాఠం చెప్పేవాడు. పదో తరగతి తప్పినవాళ్ళు, ఎప్పుడో మానేసి ఇప్పుడు ఉద్యోగాల కోసం ప్రైవేటుగా కడుతున్నవాళ్ళు. డ్రైవర్లు, దర్జీలు, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అయినా లోపల ఒక భయం ఉండనే ఉండేది. సర్కారు జీతం తీసుకునే మాస్టర్లు బయట పాఠాలు చెప్పకూడదని రూలు. ఊరికే చెప్తున్నానంటే నమ్మే నాథుడెవడు? అందుకని ఆ గది కిటికీ రెక్కలు ఎప్పుడూ మూసే ఉంచేవాడు.

ఆ గదికి వచ్చేవాళ్ళలో ఒకావిడను అందరూ దుప్పట్లక్క అనేవాళ్ళు. పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పద్దెనిమిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం. నలభై నాలుగేళ్ళుంటాయి. బ్లీచింగు నీళ్ళలో నాని నాని చేతివేళ్ళ చివర్లు ఎప్పుడూ ముడుచుకుపోయి ఉండేవి. పెన్ను పట్టుకుంటే జారిపోయేది. మిగతా సబ్జెక్టులన్నీ ఒక్క దెబ్బకు పాసైంది. ఇంగ్లీషు మాత్రం మూడుసార్లు తప్పింది.

ఆమెకు ఇది సరదా చదువు కాదు. ఆ ఏడు ఆసుపత్రివాళ్ళు ఒక కాగితం అంటించారు. ఉతికే పని కాంట్రాక్టుకు ఇచ్చేస్తున్నారు. పదో తరగతి పాసైన పాతవాళ్ళను మాత్రం పర్మినెంటు చేసి దుప్పట్ల స్టోరులో వేస్తారు. మిగతావాళ్ళు వేసవి చివరికల్లా ఇంటికి. ఇల్లంటే ఆమెకు ఒక గది, ఆ గదిలో రెండు మూత్రపిండాలూ పాడైన చెల్లెలు. వారానికి రెండుసార్లు మిషను మీద చెల్లెలి రక్తం శుద్ధి చేయించాలి. సిబ్బంది ఇంట్లోవాళ్ళకు అది ఉచితం. ఉద్యోగం పోతే ఆ సౌకర్యమూ పోతుంది. ఇక చెప్పేదేముంది. ఇంగ్లీషులో ముప్ఫై అయిదు మార్కులు వస్తే చెల్లెలు ఉంటుంది, రాకపోతే ఉండదు. ఆమె చేరిన మొదటి రోజే ఈ సంగతి అందరి ముందూ చెప్పేసింది, టైము ఎంతయిందో చెప్పినంత మామూలుగా.

వచ్చిన చిక్కల్లా బట్టీ దగ్గరే. పొద్దున నేర్చుకున్నది సాయంత్రానికి ఉండేది కాదు. గైడు మాస్టారు ఒకటే పోలిక పదిసార్లు చెప్పించేవాడు. ఆమె పదిసార్లూ సరిగ్గా చెప్పేది, పదకొండోసారి నీళ్ళు నమిలేది.

"బరువుకి ఏం రాయాలమ్మా?"

"ఫెదర్ మాస్టారూ."

"ఫెదరంటే ఈక. ఈక బరువుంటుందా?"

"ఉండదు. కానీ నోట్లోకి అదే వచ్చింది. అవన్నీ నాకు ఒకటే లాగా ఉంటాయి మాస్టారూ. ఏదీ నాది కాదు కదా."

ఆ చివరి మాట ఆయన చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. "రేపటికి యాభైసార్లు రాసుకుని రా" అన్నాడు.

పరీక్ష రెండు నెలలుందనగా ఆమె వారం రోజులు క్లాసుకు రాలేదు. జ్వరాల రోజులు, వార్డులన్నీ నిండిపోయి డబుల్ డ్యూటీ పడిందని కబురు చేసింది. ఇంకొకరైతే సరేలే అని ఊరుకునేవారు. ఈయన గైడు చంకలో పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం నేరుగా ఆసుపత్రికే వెళ్ళాడు.

ఆసుపత్రి వెనక మెట్లు దిగితే సగం నేలలోకి కట్టిన పొడుగాటి గది. ఆవిరి, బ్లీచింగు వాసన, చెవులు దిబ్బళ్ళు పడే మోత. మూడు పెద్ద మిషన్లు, అందులో ఒకటి రిపేరు. మరకలున్నవి ఒక కుప్ప, లేనివి ఒక కుప్ప, పసిపిల్లల వార్డువి విడిగా ఇంకో కుప్ప. దుప్పట్లక్క మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి మిషన్‌లోంచి తడి దుప్పట్లు లాగుతోంది. మాస్టారిని చూసి కంగారు పడింది. ఆయన ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుని, "నీ పని నువ్వు కానీ అమ్మా. నోటితో చెప్పు చాలు" అన్నాడు.

"యాజ్ హెవీ యాజ్?"

"లె... లెడ్."

"లెడ్డంటే?"

"సీసం. మీరే చెప్పారు." ఆమె దుప్పటి లాగడం ఆపింది. "మాస్టారూ, మీరెప్పుడైనా సీసం ఎత్తారా?"

"లేదు."

"మరి బరువుంటుందని మీకెలా తెలుసు?"

"గైడులో ఉంది."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే మిషన్‌లోంచి ఒక తడి మూట లాగి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టేసింది. మాస్టారు ముందుకు తూలాడు. గైడు కింద పడింది. చొక్కా నిలువునా తడిసిపోయింది.

"ఇరవై దుప్పట్లు," అందామె. "పొద్దుణ్ణుంచి ఇలాంటివి ముప్ఫై మూటలు ఎత్తాను. బరువంటే నాకు ఇదే తెలుసు మాస్టారూ."

ఆయన ఆ మూట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చేతులు లాగేస్తున్నాయి. నడుం పీకుతోంది. ఇరవయ్యారేళ్ళలో వేలమందికి ఆ పోలిక చెప్పాడు, ఆ మాట వెనక ఒక బరువుందని మాత్రం మొదటిసారి తెలిసింది. ఎదుటివాడికి తెలియనిది చెప్పడానికి తెలిసినదాన్ని పట్టుకొచ్చి పక్కన పెట్టడమే పోలిక. అంతే. ఇంత చిన్న సంగతి. ఇది ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.

"ఇదే రాయి," అన్నాడు.

"ఏది?"

"ఈ మూటే. ఇంగ్లీషులో రాయి. ట్వంటీ వెట్ బెడ్‌షీట్స్."

"గైడులో లేదుగా."

"గైడు సంగతి నాకొదిలెయ్యి. నువ్వు చూసింది చెప్పు. తెలుపంటే ఏంటి నీకు?"

ఆమె ఆలోచించుకోనే లేదు. "కొత్త దుప్పటి తెలుపు కాదు మాస్టారూ, కొంచెం పాలిపోయి ఉంటుంది. మూడోసారి ఉతికినప్పుడు వస్తుంది అసలు తెలుపు. అప్పుడు చూడాలి."

"తేలిక?"

"పిల్లల వార్డు దుప్పటి. చేతిలో ఉన్నట్టే ఉండదు. అది ఎత్తినప్పుడల్లా నాకు భయమేస్తుంది."

"చల్లదనం?"

"పొద్దున షిఫ్టులో మొదటి కుళాయి నీళ్ళు."

"నిశ్శబ్దం?"

ఈసారి ఆమె ఆగింది. చేతిలో ఉన్న దుప్పటిని మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "తొమ్మిదో నంబరు మంచం. రక్తం శుద్ధి చేసే మిషను వార్డులో మా చెల్లి పక్క మంచం అది. అక్కడ ఒకావిడ ఉండేది, రోజంతా వాగుతూనే ఉండేది. వింటే మాకు తల నొప్పి పుట్టేది. ఓ రోజు దుప్పటి తియ్యడానికి నన్నే పంపారు. అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా వినలేదు మాస్టారూ."

అక్కడి నుంచి ఇక ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. మెటఫర్ గురించి అడిగితే, "మా సూపర్‌వైజరు తాళం" అంది. తాళంలా ఉంటాడా అని అడిగాడు. "లాగా ఏంటి మాస్టారూ, తాళమే. ఆయన గుమ్మంలోకి వచ్చాడంటే అందరి నోళ్ళూ మూతే" అంది. రిపేరులో ఉన్న మిషన్ను చూపించి, అది వారం రోజులు మూలిగి మూలిగి చివరికి మంచం పట్టిందని చెప్పి, ఇది ఆ మూడోదేగా, ఆ పొడుగు పేరుది, అని అడిగింది. మాస్టారికి ఒళ్ళు పులకరించింది. తిరిగి వెళ్తూ గైడును ఆ బకెట్ పక్కనే మర్చిపోయాడు. మర్నాడు ఆమే తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఆ రోజు ఇంటికెళ్ళి, కూరగాయలు తరుగుతున్న భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమే, నీ వేళ్ళు ఎలా ఉన్నాయో చెప్పనా?"

"చెప్పేదేముంది, గిన్నెలు తోమి తోమి అరిగిపోయాయి."

"అరిగిపోయిన సుద్దముక్కల్లా ఉన్నాయి."

ఆవిడ కత్తిపీట ఆపి ఆయన మొహంలోకి చూసింది. "ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నన్ను చూసి చెప్పిన మొదటి మాట ఇదేనండీ. మెచ్చుకున్నారో తిట్టారో తెలియట్లేదు గానీ, బాగుంది" అంది.

ఆ రెండు నెలలూ సైకిల్ కొట్టు మీద గది గది కాకుండా పోయింది. దర్జీ ఒక పోలిక చెప్తే డ్రైవరు ఇంకోటి చెప్పేవాడు. మాస్టారు గైడు తెరవకుండానే క్లాసు అయిపోయేది. దుప్పట్లక్క నోటు పుస్తకం నిండా రాసుకుంది. వంకర అక్షరాలు, తప్పుల తడకలు, అయినా ఏదీ మర్చిపోయేది కాదు. "పరీక్షలో కూడా ఇవే రాయొచ్చా మాస్టారూ?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. "ఇవే రాయి. నీకు వచ్చింది నువ్వు రాయి" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయనకు పేపర్లు దిద్దేవాళ్ళు గుర్తుకు రాలేదు. తనూ వాళ్ళలో ఒకడినన్న సంగతి అసలే గుర్తుకు రాలేదు.

వేసవిలో పేపర్లు దిద్దే క్యాంపు పడింది. పక్క పట్నంలో పెద్ద బడి, పొడుగాటి హాలు, బల్లల మీద కట్టలు కట్టలుగా పేపర్లు, ఎర్ర పెన్నులు. మొదటి రోజు పొద్దున చీఫ్ ఎగ్జామినర్ అందర్నీ కూర్చోబెట్టి జవాబుల కీ చదివి వినిపించాడు. గైడు మాస్టారికి అది ఇరవై రెండో క్యాంపు. వెనక వరసలో కూర్చుని, పక్కాయనకు పాత క్యాంపుల కబుర్లు ఏకరువు పెడుతూ ఉండిపోయాడు. చేతికిచ్చిన కీ ఒకసారి పైపైన చూశాడు. పోలికల దగ్గర స్నో, లెడ్, ఫెదర్, ఐస్, గ్రేవ్ ఉన్నాయి. అచ్చం గైడే. ఇంక వినేదేముందనుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె పేపరు వచ్చింది.

పేపర్ల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. అయినా పోలికల పేజీ తిప్పేసరికి మాస్టారి ఎర్ర పెన్ను ఆగిపోయింది. ట్వంటీ వెట్ బెడ్‌షీట్స్. చిల్డ్రన్ వార్డ్ బెడ్‌షీట్. థర్డ్ టైమ్ వాష్. మార్నింగ్ ఫస్ట్ ట్యాప్ వాటర్. చివర్న, అక్షరాలు ఇంకా కిందికి జారుతూ, బెడ్ నంబర్ నైన్. ఐదు ఖాళీలు, ఐదు మార్కులు. ఆవిరి గదిలో తను నిలబడి చెప్పించినవి.

ముందు సంతోషం వేసింది, ఆ మాట దాచడం దేనికి. ఆ తర్వాత ఎదురుగా ఉన్న కీ కనపడింది.

తెలిసినవాళ్ళ పేపరు వస్తే చీఫ్‌కు చెప్పి పక్కన పెట్టెయ్యాలి, ఇంకొకరు దిద్దుతారు. అదీ రూలే. కానీ ఎలా తెలుసని అడుగుతారు. సాయంత్రం పాఠాలు చెప్తానని చెప్పాలి. ఇంకో రెండేళ్ళలో రిటైరవ్వాల్సిన మనిషి. ఆ పని ఆయన చెయ్యలేదు. కీలో లేని జవాబుకు మార్కు వేద్దామా అంటే, తనకు తెలిసినావిడకు తనే వేసుకున్నట్టవుతుంది. రేపు ఎవరైనా పట్టుకుంటే? చీఫ్ ప్రతి కట్టలోంచీ రెండు మూడు పేపర్లు తీసి మళ్ళీ చూస్తాడు. ఇలా అటూ ఇటూ ఊగి ఊగి, చివరికి ఆ పేజీని పక్కన పెట్టి మిగతా పేపరు మీద పడ్డాడు. ఉత్తరంలో ఒక అర, వ్యాసంలో ఒక అర, విరామ చిహ్నాల్లో ఒకటి, ఎక్కడ దొరికితే అక్కడ ఏరాడు. ఎంత ఏరినా ముప్ఫై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఆ పైన ఒక్క మార్కు కూడా దొరకలేదు.

మళ్ళీ పోలికల పేజీ తెరిచాడు. కీలో లేనిది కీలో లేదు, అందరికీ ఎలాగో ఈమెకూ అలాగే, అందులో నా తప్పేముంది, అనుకున్నాడు. చూశారా, భయపడ్డ మనిషికి న్యాయం ఎంత తొందరగా గుర్తొస్తుందో. ఐదు చోట్లా ఐదు సున్నాలు చుట్టాడు. కింద సంతకం పెట్టాడు. చెయ్యి వణకలేదు, అలవాటైన చెయ్యి కదా.

కట్ట కట్టి ఇచ్చేశాక చీఫ్ పైనుంచి రెండు పేపర్లు తీసి చూశాడు. ఆమెది అందులో లేదు. మిగతావాటి మీద సంతకం పడిపోయింది. ఐదూ ఒప్పుగా వేసి ఉన్నా అడిగే దిక్కు లేదు.

టీ తాగడానికి అందరూ వరండాలోకి వచ్చారు. పక్క బల్ల మీద దిద్దే కుర్ర మాస్టారు ఒకడు నవ్వుతూ చెప్పాడు, "సార్, నా కట్టలో ఒకడు యాజ్ బ్లాక్ యాజ్ మై నాన్నాస్ హెల్మెట్ అని రాశాడు. మార్కు వేసేశాను."

"కీలో లేదుగా," అన్నాడు గైడు మాస్టారు.

"కీలో లేకపోతేనేం సార్, అర్థం కుదిరితే సొంత పోలికకు కూడా వెయ్యమన్నారుగా. మొదటి రోజు మీటింగులో చెప్పారు, కీ రెండో పేజీలో కూడా ఉంది. మీరు చూళ్ళేదా?"

మాస్టారు టీ కప్పు అక్కడే పెట్టేసి హాల్లోకి పరుగెత్తాడు. తన కీ తీసి రెండో పేజీ తిప్పాడు. ఉంది. నల్లటి అక్షరాల్లో శుభ్రంగా ఉంది. ఇరవయ్యారేళ్ళు గైడులో ప్రతి పేజీ తిప్పిన మనిషి, ఈ ఒక్క పేజీ తిప్పలేదు.

చీఫ్ దగ్గరికి వెళ్ళాడు. కట్ట అప్పటికే గుడ్డ సంచిలో పెట్టి, లక్క ముద్ర వేసి ఉంది.

"ఒక్క పేపరు మళ్ళీ చూడాలి సార్. పోలికల దగ్గర కీ తప్పుగా చూశాను."

చీఫ్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఒక్క పేపరేంటి మాస్టారూ? కీ తప్పుగా చూశారంటే మూడు రోజుల నుంచి మీరు దిద్దినవన్నీ తప్పే కదా. నూట ఇరవై పేపర్లు. అన్నీ విప్పించాలి, మీ మీద రిపోర్టు రాయాలి. ఇన్ని క్యాంపులు చేసినవారు, మీరే ఇలా చేస్తే ఎలా? సరే, రాసివ్వండి. విప్పిస్తాను."

తెల్లకాగితం కూడా ఇచ్చాడు. ఇవ్వలేదని చెప్పడానికి లేదు. పెన్ను మాస్టారి జేబులోనే ఉంది. ఆయన ఆ కాగితం వైపు చూశాడు, సంచి వైపు చూశాడు, టీ తాగి హాల్లోకి తిరిగొచ్చి తన వైపే చూస్తున్న నలభై మంది వైపు చూశాడు.

"వద్దులెండి," అన్నాడు. "ఏదో అనుమానంతో అడిగాను. బాగానే దిద్దినట్టున్నాను."

ఆ మాట అన్నది ఆయనే. ఎవరూ పీక మీద కత్తి పెట్టి అనిపించలేదు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ దారంతా దాన్ని వెనక్కి తీసుకుంటూనే ఉన్నాడు. బస్సు దిగేసరికి చీఫ్ ఇల్లెక్కడో కనుక్కుని వెళ్ళాలని కూడా అనుకున్నాడు. అనుకుని, గుమ్మంలో చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్ళాడు. భార్య ఏమైందని అడిగితే ఎండ అన్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం దుప్పట్లక్క గదికి అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది. మార్కుల కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో.

"ముప్ఫై ఒకటి మాస్టారూ."

ఆయన తల దించుకున్నాడు.

"కూడికలు సరిచూడమని అర్జీ పెట్టొచ్చంట, పెట్టాను. మళ్ళీ దిద్దడం మాత్రం ఉండదంట. ఇంకోసారి పరీక్ష రాద్దామంటే ఈలోపే కాంట్రాక్టువాళ్ళు వచ్చేస్తారు." అర్జీ వల్ల ఒరిగేదేమీ లేదని ఆయనకు తెలుసు. కూడికలో ఆయన ఎప్పుడూ తప్పు చెయ్యడు.

"నాకు ఒక్కటే సంతోషం మాస్టారూ," అంది ఆమె. "ఆ పోలికలు వచ్చాయి చూడండి, మీరు మిషన్ల దగ్గర చెప్పించినవి. ఐదుకి ఐదూ రాశాను. అక్కడ మాత్రం నాకు ఐదూ వచ్చుంటాయి. మిగిలినచోటే ఎక్కడో చెడగొట్టుకున్నాను. మీరు చెప్పింది నేను మర్చిపోలేదు, అది మాత్రం నమ్మండి. ఐదూ ఒప్పే కదా?"

చెప్పడానికి అదే సమయం. గదిలో ఇంకెవరూ లేరు, కిటికీ మూసే ఉంది. ఆ ఎర్ర సున్నాలు నా చేతివేనమ్మా అంటే సరిపోయేది. ఆమె తిట్టేది, కొట్టినా కొట్టేది. నోరు తెరిచాడు.

"ఒప్పే అమ్మా. ఐదూ ఒప్పే," అన్నాడు.

"చాలు," అంది ఆమె. క్లాసు కోసం కొని తెచ్చిన సుద్దముక్కల డబ్బా ఆయన బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకు ఆసుపత్రిలో కాంట్రాక్టువాళ్ళు వచ్చారు.

చెల్లెలికి ఉచిత మిషను ఆగిపోయింది. అక్కడా ఇక్కడా బతిమాలుకుని కొన్ని వారాలు నెట్టుకొచ్చింది. వానలు మొదలయ్యాక చెల్లెలు పోయింది. కబురు విని మాస్టారూ, భార్యా వెళ్ళారు. చిన్న గది. గోడ వారగా ఇనుప మంచం, దాని మీద దుప్పటి తీసేసి ఉంది. దుప్పట్లక్క నేల మీద కూర్చుని, ఆ దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని మడతలు పెడుతోంది. మాస్టారిని చూసి లేవబోయింది. వద్దని ఆయన భార్య పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి దుప్పట్లక్కే మంచం వైపు చూసి, "ఆ చివరిది నేను సరిగ్గానే రాశాను మాస్టారూ," అంది.

తిరిగి వచ్చే దారిలో భార్య, ఏం రాసిందండీ ఆవిడ అని అడిగింది. ఆయన అడుగుల వేగం పెంచాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ రోజు తర్వాత ఇంట్లో ఆయన దేన్నీ దేనితోనూ పోల్చలేదు.

మళ్ళీ ఏడాది సైకిల్ కొట్టు మీద గదిలో కొత్తవాళ్ళు చేరారు. పోలికల పాఠం వచ్చింది. మాస్టారు గైడు తెరిచి బోర్డు మీద వరసగా రాస్తూ చివరిదాని దగ్గర, యాజ్ సైలెంట్ యాజ్, అని ఆగిపోయాడు. సుద్దముక్క బోర్డుకు ఆనించి అలాగే నిలబడ్డాడు. వెనక అందరూ పెన్నులు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. కొత్తగా చేరిన ఒక బస్సు కండక్టరు నెమ్మదిగా, "సార్, అక్కడ మాకు తెలిసింది ఏదైనా రాయొచ్చా?" అని అడిగాడు.

మాస్టారు వెనక్కి తిరగలేదు. ఖాళీలో, ది గ్రేవ్, అని రాశాడు.

"గైడులో ఉన్నదే రాయండి," అన్నాడు.

అందరూ రాసుకున్నారు.